మూడు మూరల పలుపు

ఆసుపత్రి నేలను వెనక్కి నడుస్తూ తుడవాలి. ముందుకు నడిస్తే తుడిచిన చోటే మన అడుగులు పడతాయి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరిన రోజే కృపావతికి ఎవరో చెప్పిన మాట అది. మదనపల్లె డిసెంబరు చలిలో తలకు మఫ్లరు చుట్టుకుని, ఫినాయిల్ గుడ్డను ఎడమకూ కుడికీ ఆడిస్తూ ఆమె ఆడవాళ్ల వార్డులో వెనక్కి వెనక్కి వస్తోంది. పొట్టి మనిషి. వేళ్లు నాని పాలిపోయాయి, గోళ్ల పక్కన చీలికలు. ఎడమ మోకాలు వంగినప్పుడల్లా టక్కుమంటుంది.

వెనక తలుపు దగ్గరికొచ్చి ఆగింది. దాని గడియ ఊడిపోయి రెండేళ్లయింది. చేయిస్తామన్నవాళ్లంతా మరిచిపోయారు. గాలికి తలుపు కొట్టుకుంటే రోగులు ఉలిక్కిపడుతున్నారని, కృపావతే దాన్ని కిటికీ ఊచకు ఒక పలుపుతో బిగించి కట్టింది. రామసముద్రం దగ్గర పల్లెలో వాళ్ల ఆవును కట్టిన పలుపు అది, మూడు మూరలుంటుంది. బోరు ఎండింది, ఆవును అమ్మేశారు, పలుపు మిగిలింది. నిరుడు చలికాలంలో ఈ పలుపు సముద్రం దాకా వెళ్లొచ్చిందంటే ఈ ఊళ్లో నమ్మేవాళ్లు తక్కువ.

యాభై ఎనిమిదేళ్లు నిండేదాకా కృపావతి సముద్రం చూడలేదు. మూడేళ్ల కిందట నెల్లూరు తీరం నుంచి సరస్వతమ్మ అనే పడవ మనిషి ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి ఈ వార్డులో నాలుగు నెలలు ఉండిపోయింది. మొగుడు పోయినా పడవను వదలని మనిషి. నయమై వెళ్తూ, తుఫాన్లు అయిపోయాక రమ్మని కృపావతిని పిలిచింది. అట్లా పిలిచేవాళ్లు చాలామంది ఉంటారు, వెళ్లేవాళ్లే ఉండరు. కృపావతి నిరుడు రెండు నెలలు సెలవు పెట్టి వెళ్లింది.

పడవ నడుమ తాటాకు గూడు, అందులో ఇద్దరికి పక్క, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక బిందె. తీరం వెంబడి మోటారు మీద కొత్తపట్నం, వాడరేవు, నిజాంపట్నం, బందరు. ఏ ఊళ్లో దిగినా కృపావతి ముందు ఆసుపత్రి చూడ్డానికే వెళ్లేది. ఊరు ఎట్లాంటిదో బజారు చెప్పదట, ఆసుపత్రి నేల చెబుతుందట. సరస్వతమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకునేది. కానీ మంచినీళ్ల దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. చుట్టూ ఉప్పునీళ్లు, తాగేది బిందెడే. చెంబుడు నీళ్లతో ముఖం కడిగి, ఆ నీళ్లతోనే గిన్నె కడిగే మెట్ట మనిషి చేతిలో ఆ బిందె మూడు రోజులొచ్చింది. ఇంత పొదుపరి తన పడవ ఎప్పుడూ ఎక్కలేదని సరస్వతమ్మ ఒప్పుకుంది. కృపావతిని జీవితంలో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

పొరపాటూ చేసింది. నిజాంపట్నం రేవులో కూరగాయలకు వెళ్తూ పడవను కట్టమంది సరస్వతమ్మ. పడవ తాడు మరీ వదులుగా ఉందనిపించి, కృపావతి పెట్టెకు చుట్టుకుని తెచ్చుకున్న పలుపు విప్పి, ఆవును గుంజకు కట్టినట్టు పడవను గట్టుకు బిగించి తనూ వెంట వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆటుకు నీళ్లు దిగిపోయి, పడవ ఒక పక్కగా గట్టుకు వేలాడుతోంది. అన్నం గిన్నె, కీర్తనల పుస్తకం నీళ్లపాలు. రేవు రేవంతా నవ్వింది. "ఇది ఆవు గాదమ్మా. నీళ్లతో లేస్తుంది, నీళ్లతో దిగుతుంది. వదులుంటేనే ఒడ్డున నిలుస్తుంది" అంది సరస్వతమ్మ.

నాలుగు రోజుల కిందట ఆమె ఫోను చేసింది. చూపు తగ్గిందట. కొడుకులు పడవను కోయించి చెక్క కింద అమ్మేస్తామంటున్నారట. "నువ్వొస్తే ఈ చలికాలం ఒక్కటి ఆగుతారు. రాకపోతే ఈ ఆదివారమే కోత." ఈ రోజు శుక్రవారం.

టీ దగ్గర తోటి ఆయా సిద్ధమ్మ కదిలించింది. "ఊరు పొమ్మంటాంది, కాడు రమ్మంటాంది. నీకు పడవ కావాల్నా?"

"కాడు రమ్మంటే పడవలోనే పోతాలే. నడిసే పని తప్పుతాది."

పది గంటలకు కూతురు షారోన్ వచ్చింది. కుప్పంలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. తల్లి సంగతి విని, తెల్లారుజామున బస్సెక్కి పుంగనూరు మీదుగా పరుగెత్తుకొచ్చింది. వార్డు మెట్ల మీదే అందుకుంది.

"పండగ ముందర సముద్రంలో తిరిగేదేంది మా? చర్చిలో అందురూ అడగతాండారు. నా కాడికి రా, కుప్పానికి."

"పండగ ఆడ గూడా వస్తాది."

"నీకేమన్నా అయితే నాకెవరుండారు?"

ఈ మాటకు కృపావతి చేతిలోని బకెట్టు కింద పెట్టింది. షారోన్ కళ్లలోంచి నీళ్లు జారాయి. కూతురి బుగ్గ తుడవబోయి, చేతికి ఫినాయిల్ ఉందని ఆగిపోయింది.

"ప్రతి రేవులోనూ ఫోను సేస్తా, సరేనా? ముప్పయ్యేండ్లు మందివి మూత్రం గుడ్డలు ఎత్తినా. నీ సదువుకే ఎత్తినా, ఏడ్సలేదు. ఇప్పుడు రొన్నెల్లు నీళ్లు సూసొస్తానంటే ఎవురి సొమ్ము పోతాది?"

షారోన్ కళ్లు తుడుచుకుని, ఆ బకెట్టును తనే ఎత్తి వార్డులో పెట్టింది.

కృపావతి సెలవు చీటీ పట్టుకుని రెబెకా సిస్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయాల సెలవులన్నీ ఆమె చేతిలోనే. చీటీ చూసి కళ్లజోడు తీసింది.

"నిరుడు ఇచ్చినా. ఈసారి లేదు కృపా. పోతే మళ్లా ఈ పని ఉండదు. బాగా ఆలోచన సెయ్."

"సేసినాను సిస్టర్. మెట్ట మీద పుట్టినదాన్ని. నీళ్లు పిలిస్తే పోకుండా యాల ఉంటాను?"

స్టోరు తాళాలు టేబులు మీద పెట్టింది. భయం లేదని కాదు. తాళాలు వదిలాక చెయ్యి తేలికైంది. ఖాళీ పిడికిలి బిగించి బయటికొచ్చింది.

పని మాత్రం మధ్యలో వదల్లేదు. పన్నెండు మంచాల దుప్పట్లు మార్చింది. చివరి మంచం మీది అక్కమ్మకు వీపు తుడిచి పక్కకు తిప్పింది. నేల ఇంకోసారి వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ వచ్చి, తలుపు దగ్గర పలుపును కాసేపు పట్టుకుని నిలబడింది. విప్పి తీసుకెళ్దామనే అనుకుంది. తీస్తే తలుపు కొట్టుకుంటుంది. అందుకని ముడి విప్పి, ఊచకు చుట్టిన రెండు చుట్లు తీసేసి, మళ్లీ ముడి వేసింది. అక్కమ్మ చూస్తూనే ఉంది.

"వస్తానమ్మా" అంది కృపావతి.

రెండు గంటల తిరుపతి బస్సుకు పెట్టె అందించింది షారోనే. కిటికీలోంచి తన స్వెట్టరు కూడా లోపలికి తోసింది. బస్సు కదిలింది. కృపావతి మఫ్లరు విప్పేసింది.

సాయంత్రం వార్డుకొచ్చిన సిద్ధమ్మ ముడి వదులుగా ఉందని బిగించబోయింది.

"ఉండనీ మా" అంది అక్కమ్మ. "గాలొస్తాంది."

తలుపు కొట్టుకోవడం లేదు. ఒక జానెడు తెరుచుకుంటోంది, మళ్లీ మూసుకుంటోంది. కిటికీ ఊచకు పలుపు ఒకసారి బిగుస్తూ, ఒకసారి వదులవుతూ ఉంది.