మామయ్య జట్టులో మంత్రాల పిల్ల

మా మామయ్య వైకుంఠంగారి మసాలా దుకాణంలో పనికి కుదిరినవాళ్లు మానేసి పోరు. అఫ్జల్‌గంజ్ అంతా ఆ మాటే చెబుతుంది. ఆ దుకాణంలో చోటు దొరకనిది నాకొక్కదానికే. పెళ్లై శాలిబండలోని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. పుట్టింటి కిరాణా కొట్లో కూర్చుని పెరిగినదాన్ని, ఊరికే ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. "నీకేం ఖర్మ సాయిప్రియా! మంచిగ తిను, టీవీ చూడు బిడ్డా," అంటారాయన. ప్రేమగానే అంటారు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

మొన్న ఆయన మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నారు. దుకాణం మా ఆయన శ్రవణ్ మీద పడింది. మామయ్య మాటిమాటికీ అతనికి ఫోన్ చేసి ప్రాణం తీస్తుంటే, చూడలేక నా గేమ్ కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టాను. రాక్షసుడి కోట మీదికి దండెత్తే ఆట అది. దారిలో తగిలిన మనుషులను జట్టులో చేర్చుకోవాలి. వెంట ముగ్గురే వస్తారు, మిగతావాళ్లు గుడారంలో ఉంటారు. సరిగ్గా చూసుకోకపోతే అలిగి వెళ్లిపోతారు.

"మనుషులను సంబాళించుడు నువ్వు నాకు నేర్పుతవా?" అని నవ్వారు మామయ్య.

తెర మీది ఇంగ్లీషును నేను తెలుగులో చెబుతుంటే ఆయన జవాబులు ఎంచుకునేవారు. విలుకాడు ఎదురుపడగానే, "ఇంతకుముందు ఎవరి తాన చేసినవ్ భాయ్? ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అని టీవీని నిలదీశారు. కత్తివీరుడికి బూట్లు లేవని ఆటలోని తన బూట్లు ఇచ్చేసి, తాను ఒట్టికాళ్లతో ముళ్లదారిలో నడిచారు. అత్తయ్య వాసవాంబ పప్పు ఏరడం మానేసి సోఫా ఎక్కింది. ఇల్లంతా జాతరే.

తర్వాత ఒక మంత్రాల పిల్ల జట్టులో చేరింది. చెయ్యి విసిరితే మంటలే. అలాంటిదాన్ని మామయ్య ఒక్కసారైనా వెంట తీసుకెళ్లలేదు. మెత్తటి దుప్పటి కొనిచ్చారు, పళ్లూ తేనే తెచ్చి పెట్టారు. "ఆడపిల్లను కొట్లాటల యాడ తిప్పుతం? ఈడ్నే సల్లగ కూసోనియ్యి," అన్నారు. నేను పళ్లు పటపటా కొరికాను.

తీరా కోట దగ్గరికి చేరేసరికి ఆ పిల్ల మూట సర్దుకుని ఎదురుగా నిలబడింది. వెళ్లిపోతానంది. మామయ్య ముఖం పాలిపోయింది.

"ఏంది గిది? నా తానకెల్లి ఎవ్వలు పోలే ఇప్పటిదాంక! ఏం తక్కువ చేసిన ఈమెకు?"

ఆయన నిజంగానే బాధపడుతున్నారు. నాకు జాలేసింది, అయినా నోరు ఆగలేదు.

"పనే తక్కువ చేసిండ్రు మామయ్యా."

ఆయన నావైపు తిరిగారు.

"మనింట్ల గూడ ఒక పిల్ల గిట్లనే దుప్పటి మీద కూసున్నది," అంది అత్తయ్య నింపాదిగా.

మామయ్య మళ్లీ టీవీ వైపు తిరిగారు. తెర మీద ఉన్న జవాబుల్లో "నాతో రా" అన్నది ఏదో నన్నడిగి నొక్కారు. ముందు నడవనిస్తావా అని అడిగింది ఆ పిల్ల. "నడువు తల్లీ, నువ్వే ముంగట నడువు," అన్నారు. ఒక్క ఊపుతో కోట తలుపు భగ్గుమంది. అత్తయ్య ఈల వేసింది. మామయ్య కాలి సంగతి మరచిపోయి ఎగిరి గంతేశారు, అబ్బా అంటూ కూలబడ్డారు, ఆపైన ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు ఆటో ఆగింది. మామయ్య కుంటుకుంటూ వెళ్లి ఎక్కి కూర్చున్నారు. ఆయనకు మందులు అందిద్దామని వెళ్లాను.

"గట్ల నిలబడ్డవేంది? చెప్పులేస్కో. యాలకుల బేరానికి అవుతలోడు వస్తుండు. నువ్వు మాట్లాడు, నేను పక్కన కూసోని చూస్త."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కంగారులో నా చెప్పుల్లో ఒకటి దొరికితే రెండోది దొరకలేదు. అత్తయ్యవి తొడుక్కుని పరుగెత్తాను.