జేబుల్లో దొరికిన ఊళ్లు

ఎడమ చేత్తో జేబు తిరగేసి కుడి చేత్తో దులపడం అతనికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ప్రయాణికుల ఓడ అడుగున, నీటిమట్టానికి కింద, కిటికీ లేని బట్టలుతికే గదిలో పద్దెనిమిదేళ్లుగా అదే పని. పైనుంచి మూటలు దిగుతాయి. మిషన్లో వెయ్యబోయే ముందు ప్రతి జేబూ చూడాలి. ఒక్క కాగితం మిగిలిపోయినా యాభై చొక్కాలకు పీచు అంటుకుంటుంది.

విలువైనవి దొరికితే పైకి పంపేస్తాడు. చెత్తబుట్టకి పోయేవి మాత్రం దాచుకుంటాడు. చిరిగిన టిక్కెట్లు, నలిగిన ఊరి పటాలు, బొమ్మలున్న కరపత్రాలు. తడిసినవాటిని గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేస్తాడు. తిండివేళ, బట్టలారబెట్టే మిషన్ పక్కన మూట మీద కూర్చుని, వాటిని ఒళ్లో పరుచుకుని ఫోన్లో మాట్లాడతాడు.

"అక్కా, ఇవాళ తీగ మీద వేలాడే బండిలో కొండెక్కానే. కింద ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. పక్కన కూర్చున్నావిడ భయంతో నా చెయ్యి పట్టేసుకుందంటే నమ్ము!"

కింద ఫోనుకి సిగ్నల్ అందదు. రికార్డు చేసిన మాటనీ, కరపత్రాల్లోని బొమ్మలకి తీసిన ఫొటోలనీ పైమెట్టు దాకా ఎక్కి పంపాలి.

మొదటి అబద్ధం సిగ్గులోంచి పుట్టింది. అమ్మ పోయాక తనను చంకనెత్తుకుని పెంచిన అక్క, తను ఓడ పనికి బయల్దేరిన రోజున, "నేనెటూ ఈ వీధి దాటేదాన్ని కాదు. నా కళ్లు కూడా పట్టుకెళ్లరా" అంది. మొదటి రేవులోనే పని మీద పడి అతను దిగలేకపోయాడు. ఊరెలా ఉందని అక్క అడిగినప్పుడు చేతిలో ఎవరిదో టిక్కెట్టు ఉంది. అంతే. ఆ మాటల్ని అక్క అరుగు మీద నలుగురికీ వినిపించేది. "మా వాడు ఎక్కడున్నాడో వినండే!" అని వీధి వీధంతా పిలిచేది.

మూడు నెలలుగా ఆమె మంచం మీదే ఉంది. పోయిన వారం అడిగింది: "నువ్వు పంపే ఫొటోల్లో నువ్వుండవేంట్రా? నువ్వు నిలబడింది ఒక్కటి పంపు."

అందుకే ఇవాళ దిగడానికి నీలిరంగు పాసు తీసుకున్నాడు. వేల చొక్కాలు రుద్దిన ఇస్త్రీపెట్టెతో మొదటిసారి తన చొక్కాని శ్రద్ధగా రుద్దుకున్నాడు. ఓడ సాయంత్రం ఐదింటి దాకా కదలదు.

పదకొండింటికి మేస్త్రీ వచ్చాడు. విందుకి రెండొందల తెల్ల బల్లగుడ్డలు కావాలట. "నువ్వు మడతేస్తేనే గీత నిలుస్తుందయ్యా" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి అతను తలూపేశాడు. ఎప్పుడూ అంతే.

"నువ్వెళ్లన్నా, నేను చూసుకుంటా" అన్నాడు పక్కబల్ల దగ్గర పనిచేసే బక్కోడు. "నీ మొహానికి ఎండ తగిలి ఎన్నేళ్లయింది? బూజు పట్టేస్తావు."

"ఇంకో నలభై ఉన్నాయిరా. అయిపోయాక వెళ్తా."

"అయ్యేసరికి ఓడే వెళ్లిపోద్ది. నీకు ఊరు చూడాలని లేదు, గుడ్డలు చూడాలనుంది!"

అతను నవ్వి నలభై గుడ్డలూ పూర్తిచేశాడు. ప్రతి గీతా దారం లాగినట్టు నిలిచింది. మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, ఇనుప మెట్లెక్కాడు. పైమెట్టు మీద కాలు పెట్టగానే ఫోను రెండుసార్లు మోగింది.

మొదటిది అక్క గొంతు. పొద్దున్న పంపింది.

"తమ్ముడూ... ఏమనుకోకు. నువ్వు కొండెక్కినా, తోటలో తిరిగినా, నీ మాట వెనకాల ఒకటే హోరు రా. సముద్రమనుకునేదాన్ని. మా అమ్మాయి బట్టలుతికే మిషన్ తెచ్చాక తెలిసింది అదేం హోరో." దగ్గుతూ నవ్వింది. "వీధిలో ఎవరికీ చెప్పలేదులే. నువ్వు చెప్పడం ఆపలేదు, నేను వినడం ఆపలేదు. ఒక్కసారి బయటికెళ్లరా. అక్కడ హోరు ఎలా ఉంటుందో పంపు. వింటా."

రెండోది మేనకోడలిది, అప్పుడే పంపింది. "మావయ్యా, అమ్మ గంట క్రితం పోయింది. నీ దగ్గర్నించి ఏమన్నా వచ్చిందేమో చూడమని రెండుసార్లు అడిగింది."

గంట క్రితం. ఇంకో నలభై ఉన్నాయన్నప్పుడు.

ఓడ తలుపు బార్లా తెరిచి ఉంది. అతను ఫోన్ పట్టుకున్న చేతిని బయటి ఎండలోకి చాపి నిమిషంసేపు ఉంచాడు. గాలి, పక్షుల అరుపులు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక, రాళ్ల మీద బండిచక్రాల చప్పుడు. తను ఒక్క మాటా కలపలేదు. అక్క నంబరుకి పంపాడు. కాపలావాడు పాసు కోసం చెయ్యి చాపాడు. అతను తల అడ్డంగా ఊపి మెట్ల వైపు తిరిగాడు.

సాయంత్రం ఓడ కదిలాక బక్కోడు మూట విప్పి, పైనున్న చొక్కా ఎవరిదో గుర్తుపట్టి, అలవాటుగా జేబు తిరగేశాడు. నీలిరంగు పాసు. చెమటకి తడిసి ఉంటే గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేసి, బల్ల మీద ఆరబెట్టాడు. బయటికి వెళ్లినట్టు ముద్ర వెయ్యాల్సిన గడి తెల్లగా, ఒక్క ముడతైనా లేకుండా ఉంది.