మెట్లు తప్పిన పుస్తకం

చెక్కముక్కతో మడత నొక్కి, సొన్నమ్మ ఫారాల కట్టను నిలువుగా తిప్పింది. పీణ్యా పారిశ్రామికవాడలోని ఆ బైండింగు షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఆమె చోటు కిటికీ పక్కనే. మడతలు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు ఒక పక్కకు వంగిపోయింది.

అది బి.ఏ. పిల్లలు చదివే ఇంగ్లీషు సాహిత్య చరిత్ర గైడు. సొన్నమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు గాని, చరిత్రంతా నోటికొచ్చు. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు తనతో పనిచేసే భవ్య చదివి చెబుతుంది. వీరుల పాటల కాలం, నాటకాల కాలం, కొండలూ వాగులూ చూసి మురిసిన కవుల కాలం, ఆ తరువాత విక్టోరియా రాణి కాలం, మిల్లుల పొగ, లావుపాటి నవలలు. ఒక్కో ఫారం అంటే పదహారు పేజీల మడత; దాని వీపున ఒక నల్ల గీత ఉంటుంది. వరసగా పేరిస్తే ఆ గీతలు మెట్లలా దిగాలి.

ఈరోజు ఆరో మెట్టూ ఏడో మెట్టూ తారుమారయ్యాయి. నిన్న వరస పెట్టింది ఓనరు వెంకటరాయప్పే. నాలుగు వందల పుస్తకాలూ అలాగే పేర్చేశారు.

"అప్పా, రాణి ముందొచ్చేసినాది. కొండల కవులు ఎనకబడినారు. అవ్వకంటే ముందు మనవరాలు పుట్టినట్టుండాది."

భవ్య కిసుక్కుమంది. వెంకటరాయప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు ఇంగ్లీషొస్తాదా?"

"రాదు. మెట్లు దిగేదొస్తాది."

"సుమ్నే నోరు మూసుకోని బంక పుయ్యి సొన్నమ్మా. నాలుగ్గంటలకి టెంపో వస్తాది. గైడే కదా, ఎవురు చూస్తారు?"

"నా అట్లాది చూస్తాది. నన్ను ఏడో క్లాసులో మాన్పించినారు. అడిగేకి ఇంట్లో ఎవురూ లేని పిల్ల ఇట్లే నేర్చుకోని, పరీక్షలో ఇట్లే రాస్తే?"

"పుయ్యకుంటే రేపట్నుంచి రావద్దు."

సొన్నమ్మ బంక డబ్బాకు మూత బిగించింది. "రానులేప్పా. ఇవి సర్దే పోతాను."

ఒక్కో పుస్తకంలోంచి రాణిని లాగి, కవుల వెనక కూర్చోబెట్టసాగింది. కాసేపటికి భవ్య కూడా వచ్చి ఎదుట కూర్చుని సర్దసాగింది. బయట టెంపో హారన్ కొడుతూనే ఉంది. సొన్నమ్మ తలెత్తలేదు. చివరి పుస్తకం వీపున చూపుడువేలితో మెట్లన్నీ దిగి చూసుకుంది. కొంగు దులుపుకుని, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, ఓనరు ముందునుంచే వెళ్లిపోయింది.

బంక డబ్బా మూత ఆయనే విప్పి, పుస్తకాలకు బంక పూయసాగాడు.

కిటికీ పక్క బల్లమీద ఆమె చెక్కముక్క ఉండిపోయింది, బొటనవేలు ఆనే చోట నున్నగా గుంటపడి.