పుళి అనకూడని ఇల్లు

చారుకి చింతపండు నానబెట్టబోతూ డబ్బా మూత తీసి, "అత్తా, పుళి అయిపోవచ్చింది" అంది అభినయ. నేను ఒక్క అంగలో వెళ్ళి దాని నోరు మూశాను. మాటవరసకి కాదు, నిజంగానే అరచేత్తో మూశాను. ముందు నవ్వింది. నేను చెయ్యి తియ్యకపోయేసరికి నవ్వు ఆగిపోయింది. అరుగు మీద మా ఆయన పేపరు తిప్పుతున్న చప్పుడు వినపడింది. కోడలి మాట ఆయన వినలేదు. ఊపిరి పీల్చుకుని, "ఈ ఇంట్లో చింతపండు అనే అనాల. ఇంకో మాట అనకూడదు" అని కోడలికి చెప్పాను. చెప్పాక నాకే గతుక్కుమంది. మా అత్త చిన్నమ్మాళ్ నేను కాపురానికొచ్చిన కొత్తలో అన్న మాటే అది, అక్షరం పొల్లుపోలేదు.

మాది తమిళనాడులో రాజపాళయం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఏ మాట ఏ భాషదో మేం పట్టించుకోం. అభినయ పుట్టిల్లు పక్కనున్న సత్రపట్టి, చదువంతా తమిళంలోనే. తమిళంలో చింతపండుని పుళి అంటారు. మన పులికీ ఆ పుళికీ నాలుక మడతే తేడా. ఆ తేడా దగ్గరే ఒక ఆడపిల్ల ప్రాణం పోయింది.

శ్రీలంకలో వాళ్ళలో వాళ్ళకి యుద్ధం జరుగుతున్నప్పుడు మన సైన్యాన్ని అక్కడికి పంపారు. అక్కడ తుపాకులు పట్టిన తమిళులని పులులు అనేవాళ్ళు. మా ఆయన సౌందరరాజన్ అప్పుడు సిపాయి. అన్ని రాష్ట్రాలవాళ్ళూ కలిసిన పటాలం, ఆయన జట్టులో తమిళం తెలిసినవాడు ఆయనొక్కడే. ఇళ్ళు సోదా చేస్తుంటే ఆఫీసరు హిందీలో అడిగేవాడు, ఈయన తమిళంలో అడిగి జవాబు చెప్పేవాడు. యాళ్ప్పాణం, అదే జాఫ్నా, వైపు ఏదో పల్లెలో, ఒక ఇంటి వంటగదిలో, అటక మీద ఏముందని అడిగారు. ఆ ఇంటావిడ పుళి అంది. పెళ్ళైన మొదటి ఏడు, నన్ను గోడకి అదిమి గొంతు మీద మోచెయ్యి పెట్టి, తర్వాత నా కాళ్ళ దగ్గర కూలబడి ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆమె అరవంలో చెప్పినాది. నాకు తెలుగులో వినబడినాది." భయంలో మనిషికి తల్లి భాషే ముందు వినిపిస్తుంది కాబోలు. పైన పులి ఉందని ఈయన అరిచాడు, వాళ్ళు అటక మీదకి కాల్చారు. అక్కడ చింతపండు కుండలే ఉన్నాయి. వాటి వెనక, సిపాయిలకి భయపడి దాక్కున్న ఆవిడ కూతురు ఉంది.

ఇది విన్నాక ఎవరికి మాత్రం కోపం వస్తుంది? నాకు ఆ పిల్ల మీద జాలేసింది, ఆ తల్లి మీద జాలేసింది, నా కాళ్ళ దగ్గర ఏడుస్తున్న ఈయన మీద జాలేసింది. నా గొంతు నొప్పి నేనే మర్చిపోయాను. ఆ తర్వాత నా సంసారమంతా కాపలానే. వెనకనుంచి దగ్గరికి వెళ్ళకూడదు, గాజులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళాలి. కుక్కరు ఆయన బయటికి వెళ్ళాకే పెట్టాలి. తలుపు విసురుగా వెయ్యకూడదు. శివకాశి పక్కనున్న ఊళ్ళో దీపావళి అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా, ఆ రోజంతా ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి నేను తలుపు పట్టుకుని నిలబడేదాన్ని. నందకుమార్ పసివాడుగా ఉండి ఏడిస్తే, వాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి, అక్కణ్ణుంచి పక్కింట్లోకి పరుగు. వాన పడుతున్నా పరుగే. ఊళ్ళో ఆయన్ని మిలిటరీకారు అంటారు, జెండా పండక్కి బడివాళ్ళు పిలిచి శాలువా కప్పుతారు. ఆ శాలువా ఉతికి మడత పెట్టేది నేను. మా అత్త ఎప్పుడూ ఒకటే అనేది, యుద్ధం చూసొచ్చినవాడు, నువ్వే సర్దుకుపోవాలని. యుద్ధం చూడనిదాన్ని కదా, సర్దుకోవడం తప్ప నాకేం పని.

సేత్తూరు లక్ష్మణన్ అన్న కూడా అదే పటాలం. ఆయనకీ ఇలాంటిదే ఉంటే మదురైలో డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు వేసుకుంటున్నాడు. ఈయన్నీ రమ్మని ఇంటికొచ్చి మరీ పిలిచాడు. నేనేమన్నా పిచ్చోణ్ణా అని ఈయన లేచి వెళ్ళిపోయాడు. నేను లక్ష్మణన్ అన్నకి కాఫీ ఇచ్చి పంపాను.

ఆ నోరు మూసిన రోజు తర్వాత వారం కూడా తిరగలేదు. అభినయకి అయిదో నెల, నాలుక పులుపుకి కొట్టుకుంటోంది. మధ్యాహ్నం ఆయన కుర్చీ వెనకగా నడుస్తూ తల్లితో ఫోనులో మాట్లాడుతోంది. గాజులు తీసేసి ఉన్నాయి, చేతులు వాచాయని. పుళిసాదం, అంటే చింతపండు అన్నం, చేసి పంపమ్మా అని నవ్వుతూ అంటోంది. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను, చేతిలో గరిటె ఉంది, కాళ్ళు రాలేదు.

"కైయె తూక్కు" అన్నాడు ఆయన. చేతులెత్తమని, తమిళంలో. ఆయన ఇంట్లో తమిళం మాట్లాడాడంటే మా పని అయిపోయినట్టే. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఫోను నేలమీద పడి ఉంది, అభినయ జుట్టు ఆయన పిడికిట్లో ఉంది. "ముట్టి పోడు" అన్నాడు. అది మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక చెయ్యి పైకెత్తింది, రెండోది కడుపు మీదనుంచి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా ఎత్తమని ఆయన అరుస్తున్నాడు. అది ఎత్తట్లేదు. ఫోనులోంచి వాళ్ళమ్మ, ఏమైందే, ఏమైందే అంటోంది.

ఆయన మీద పడి విడిపించకూడదు, అది నాకు మెడ నేర్పిన పాఠం. ఎదురుగా, ఆయనకి కనపడేలా వెళ్ళి నిలబడి, మా అత్త గొంతు తెచ్చుకుని, తెలుగులో, మెల్లగా పిలిచాను. "సౌందరం, అన్నానికి రా నాయనా." కట్టుకున్నవాణ్ణి పేరుపెట్టి, నాయనా అని పిలవడానికి మొదట్లో సిగ్గుపడేదాన్ని. రెండోసారి పిలిచాక కళ్ళు నా వైపు తిరిగాయి. పిడికిలి వదులైంది. వచ్చి పీట మీద కూర్చున్నాడు. వడ్డించాను. తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "దానికి చెప్పలేదా నువ్వు?" అని నన్నే అడిగాడు.

సాయంత్రం మిల్లునుంచి వచ్చిన నందకుమార్ అంతా విని, నువ్వు పక్కన ఉండుంటే ఇట్ల అయ్యుండదమ్మా అన్నాడు. మంచివాడే నా కొడుకు. తండ్రిలా చెయ్యెత్తడు. కాకపోతే ఇంట్లో భయమంతా నా శాఖ అనుకుంటాడు.

అభినయ ఏడవలేదు. గదిలో గోడకి ఆనుకుని కూర్చుని, "అత్తా, బిడ్డ పుట్టినాక ఏడిస్తే నేను యాడికి పరిగెత్తేది?" అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. పెరడు, పక్కిల్లు, వాన.

మర్నాడు పొద్దున బియ్యం మూట దించుకోవాలని ఆయన నన్ను తోడు రమ్మన్నాడు. సరుకులు ఎప్పుడూ ఆయనే తెస్తాడు, నేను ఆ కొట్టు మెట్టు ఎక్కింది లేదు. కొట్టతను పొన్‌రాజ్ ఈయన్ని చూడగానే బజారంతా వినపడేట్టు, "అణ్ణాచ్చీ, పుదు పుళి వందిరుక్కు" అని కేకేశాడు. కొత్త చింతపండు వచ్చిందట. అక్కడ కత్తిపీట ఉంది, తూకం రాళ్ళు ఉన్నాయి. ఈయనకి ఎదురుగా నిలబడాలని, సౌందరం అని పిలవాలని నోరు తెరిచాను.

ఆయన ఒక రెబ్బ తుంచి నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. "పోన వారం పుళి సరియిల్లయే, పొన్‌రాజ్" అని నవ్వాడు. పోయినవారంది బాగా లేదని. పుళి అన్నాడు. తన నోటితో, తమిళంలో, నవ్వుతూ.

నిన్నటిదాకా నేను భయపడింది యుద్ధానికి. అది పెద్దది, దేశాలది, నా చేతుల్లో లేనిది. ఇప్పుడు నా పక్కన బియ్యం మూట సైకిలు మీద తోసుకుంటూ నడుస్తున్న మనిషిని చూస్తే ఇంకా ఎక్కువ భయం వేసింది. ఇంటి సందు మలుపులో అడిగేశాను. కొట్లో అతనంటే ఏమీ కాలేదే అని.

ఆయన దాచుకోలేదు. దాచుకోవాల్సిందేమీ ఉందని కూడా అనుకోలేదు. "వాడు బయటోడు. వాడి మీద చెయ్యేస్తే ఊరకుంటాడా?" అన్నాడు.

ఆ అటక మీది పిల్ల కోసం ఆయన ఏడ్చింది అబద్ధం కాదు, నాకు తెలుసు. నిద్రపట్టక గోడలు చూస్తూ కూర్చునేదీ అబద్ధం కాదు. అంత నిజమైన బాధ కూడా ఎవరి మీద పడొచ్చో, ఎవరి మీద పడకూడదో చూసుకునే పడుతోంది.

ఇంటికెళ్ళి అభినయ బట్టలు సర్దాను, నావీ సర్దాను. వీధి తలుపు బార్లా తెరిచి ఉంచి, గడప అవతల నిలబడి ఆయనకి చెప్పాను. పళ్ళు టకటకమంటుంటే చెప్పాను. మేం సత్రపట్టి పోతున్నామని, లక్ష్మణన్ అన్నతో మదురై పోయి చూపించుకుంటే అప్పుడు మాట్లాడదామని. ఆయన కుర్చీలోంచి లేచాడు. వీధిలో పాలమనిషి, ఎదురింటివాళ్ళు, బడికి పోయే పిల్లలు. వాళ్ళందర్నీ ఒకసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

బస్సులో అభినయ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నాకు నిద్ర ఎక్కడిది, బస్సు ఆగినప్పుడల్లా ఎవరెక్కారో చూస్తూనే ఉన్నాను. నందకుమార్ ఫోను చేశాడు. మిల్లు చప్పుడులో వాడి గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "నువ్వూ పోతే ఎట్లమ్మా? అప్పాను ఎవురు చూసుకొనేది?"

"పొన్‌రాజ్ కొట్లో కూచోమను" అన్నాను. "ఆడ మీ అప్పా బాగుంటాడు."