నడిమి రెక్క

మా ఆయన కృపాదానం అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. పాతికేళ్ల కాపురంలో నేను కనిపెట్టిన సంగతి ఇది. నలభై ఎనిమిదో సంవత్సరం ఆగస్టులో ఆయన చెవులు పదిహేను రోజులపాటు ఎర్రగానే ఉన్నాయి.

మెదక్ మిషన్ కాంపౌండులో ఆయన వడ్రంగి, నేను ఆడపిల్లల బడిలో టీచరమ్మను. ఒకవైపు రజాకార్ల భయం, మరోవైపు భారత యూనియన్ సైన్యం వస్తుందన్న పుకారు. ఎవరింట్లో ఏముందో నిజాం పోలీసులకు చేరవేసేవాళ్లు వీధికొకరు. ఠాణాకు పోయిన మనుషులు ఇద్దరు ఇంకా తిరిగి రాలేదు. అలాంటి రోజుల్లో ఊరి మీదుగా ఒక విమానం పోయింది. అందరం ఇళ్లలోకి పరుగెత్తాం. ఈయన మాత్రం వాకిట్లో నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. మర్నాటి నుంచి పని కొట్టానికి లోపల గడియ పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? వాగు ఇసుకను చిన్న చిన్న సంచుల్లో నింపి మోసుకొచ్చేవాడు. నా పాత తెల్లచీరలు రెండు మాయమయ్యాయి. పొయ్యి మీద గంజి కాచుకుని పట్టుకుపోయేవాడు. కమ్యూనిస్టులతో కలిశాడా, ఎవరినైనా దాచిపెట్టాడా అని లోలోపల ఉడికిపోయాను.

“లోపల ఏం చేస్తున్నరు? జర చెప్పుండ్రి,” అని అడిగాను.

“బీరువా,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏ బీరువాకు గంజి పెడతారో నాకైతే తెలియదు.

ఒకరోజు ఆయన మేకుల కోసం బజారుకు పోగానే కిటికీ సందులోంచి చూశాను. ఒకదాని మీద ఒకటి మూడు రెక్కలు. మధ్యలో సన్నని కర్రలు, బిగించిన తీగలు. గంజి పట్టించిన నా చీరలు వాటి మీద డప్పులా బిగిసి ఉన్నాయి. పక్కన ఇసుక సంచుల గుట్ట. ఈ మనిషి విమానం కడుతున్నాడని అప్పుడు అర్థమైంది.

మొగుడి సంగతి అంతుపట్టనప్పుడు మా కాంపౌండు ఆడవాళ్లం చేసే పని ఒకటుంది. శుక్రవారం స్త్రీల ప్రార్థనలో లేచి మనవి పెట్టుకుంటాం. నేనూ పెట్టుకున్నాను. “మా ఇంటాయన కొట్టంల మూడు రెక్కలది ఏందో కడుతుండు. దేవుడు ఆయన మనసు మళ్లించేటట్టు ప్రార్థన చెయ్యుండ్రి,” అన్నాను. పెద్దావిడ నవోమమ్మ కళ్లు మూసుకుని అరగంట ప్రార్థించింది. నా గుండె బరువు దిగింది.

సోమవారం పొద్దున ఠాణా అధికారి అమీను సాబ్ ఇద్దరు జవాన్లను వెంటేసుకుని వాకిట్లో దిగాడు. నేను నేరుగా గోడ అవతలి దర్జీ గాలయ్య మీద విరుచుకుపడ్డాను. నాలుగు రోజులుగా మా కొట్టం వైపు తొంగిచూస్తున్నది ఆయనే మరి.

“నువ్వే చెప్పినవు! నీ నోట్ల మన్నువడ!”

“నాకేం ఎరుక లేదు టీచరమ్మా,” అని గాలయ్య బిక్కమొహం వేశాడు.

అమీను నవ్వాడు. “ఆయన్నెందుకు తిడుతున్నవు? మీ ఆడోళ్ల ప్రార్థనల మస్తు ముచ్చట్లు ఎల్తయి. మూడు రెక్కలని నువ్వే చెప్పినవంట గద.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనను పట్టించింది నేనే.

అమీను కొట్టంలోకి వెళ్లి లాఠీతో రెక్కలను తట్టి చూశాడు. “గిది యూనియనోళ్లకా, కమ్యూనిస్టులకా? చల్, ఠాణాకు నడువు.”

“గిది ఎగరది సాబ్,” అన్నాడు కృపాదానం. “ముప్పై ఏండ్ల కింద, జర్మనోళ్లతోటి పెద్ద లడాయిల, బస్రాకు పోయి ఇంగ్లీషోళ్ల విమానాల మరమ్మతు కాడ వడ్రంగి పని చేసిన. గిసొంటిది ఒక్కటే వచ్చింది, పరీక్షకు. నడిమి రెక్క లోపలి కర్ర ఇరిగితే నేనే అతుకు పెట్టిన. అతుకు ఆగాలంటే కర్రను రెండు జానల పొడుగు ఏటవాలుగ కొయ్యాలె. కర్ర చాలకపోతే జానెడే కోసిన. దొరకు చెప్పలే. మర్నాడు ఇరవై రెండేండ్ల పిలగాడు దాన్ని మీదికి తీస్కపోయిండు. గాలిలనే రెక్క ఇరిగింది, పిలగాడు దక్కలే. నా అతుకే ఇరిగిందో, ఇంకోటి ఇరిగిందో ఎవ్వలు చెప్పలే. మొన్న విమానం పోయినకాడికెల్లి నాకు నిద్ర లేదు. గందుకే గట్లనే అతుకు పెట్టి సూస్తున్న.”

నేను ఆయన చెవుల వైపు చూశాను. ఎర్రబడలేదు.

“మరి ఇసుకెందుకు?”

“రెక్కను బోర్లించి సంచులు పేరుస్తరు సాబ్. మీద ఎగిరేటప్పుడు గాలి కిందికెల్లి రెక్కను ఎంత బలంగ ఎత్తుతదో, గంత బరువు పెట్టి సూస్తరు. గీ రెక్కలకు నలభై సంచులు ఆగాలె.”

“నువ్వెన్ని పెట్టినవు?”

“ముప్పై కాంగనే భయమై దించుతున్న,” అని తల వంచుకున్నాడు.

అమీను గడ్డం గోక్కున్నాడు. “కహానీ మంచిగుంది. నలభై ఆగితే గిది అసలు విమానమే, నువ్వు ఠాణాకు. ఇరిగితే పొయ్యిల కట్టెలు. పెట్టుండ్రిరా సంచులు!”

జవాన్లు రెక్కలను బోర్లించి సంచులు పేర్చసాగారు. ఠాణాకు పోతే నా మొగుడు తిరిగి రాడు. విరిగిపో, విరిగిపో అని మనసులోనే దేవుణ్ణి బతిమాలుకున్నాను. ఆయన పెదవులూ కదులుతున్నాయి. అతుకు ఆగాలని, ఆ పిల్లవాడి చావు తన చేతిపని వల్ల కాదని తేలాలని ఆయన ప్రార్థన. ఒకే దేవుణ్ణి ఇద్దరం చెరొకటి అడుగుతున్నాం.

ముప్పై నాలుగో సంచికి ఫట్‌మంది.

“గిదా విమానం!” అని అమీను పొట్ట పట్టుకుని నవ్వాడు. “మీ ఆడోళ్లు ప్రార్థన చేసి నా పొద్దంత ఖరాబ్ చేసిన్రు.” జవాన్లను పిలుచుకుని వెళ్లిపోయాడు.

కృపాదానం మోకాళ్ల మీద కూర్చుని చిరిగిన చీర పక్కకు తీశాడు. మిగతా కర్రలన్నీ చెక్కుచెదరలేదు. నడిమి రెక్కలో జానెడు అతుకు మాత్రం నోరు తెరుచుకుని ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి నిమిరాడు.

“నా నోటితోనే ఇంత చేసిన. మాఫ్ చెయ్యుండ్రి,” అని ఏడ్చాను.

“మంచిగనే చేసినవు ఎలిశిబా,” అన్నాడు తల ఎత్తకుండా. “నా అంతల నేనైతే ముప్పై ఒకటో సంచి ఎన్నడు పెట్టకపోదును.”

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేను అడిగిందే దేవుడు ఇచ్చాడు. ఆ పూట స్తోత్రం చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.