నీడ స్టేషన్ నుంచి వచ్చిన రైలుబస్సు

ఆల్విన్‌ని ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్ళే ముందు రోస్విత అతని చెయ్యి వదలలేదు. చివరికి అతనే కసిరి పంపించాడు. వరండాలో కూర్చుని నర్సుల ప్రాణం తియ్యొద్దన్నాడు. రేపు క్రిస్మస్ ముందొచ్చే అడ్వెంట్ శనివారం, క్లబ్బు తలుపులు తియ్యగానే ఊళ్ళో పిల్లలంతా వచ్చి మీద పడతారనీ, బొమ్మ రైళ్ళని నడిపే ఆ ప్రోగ్రాం సంగతి నీకు తప్ప క్లబ్బులో గెర్నోట్‌కి ఓనమాలు కూడా తెలియవనీ అన్నాడు. ఛాతీ కోయించుకోబోయే మనిషి మాట్లాడే మాటలా అవి! కానీ ఆల్విన్ తీరే అంత. ఇన్నేళ్ళ కాపురంలో అతని మొండితనం ముందు రోస్విత ఏనాడూ గెలవలేదు. డాక్టరుకి తన ఫోన్ నంబరు ఒకటికి రెండుసార్లు చెప్పి, బస్సెక్కి, పాత గూడ్సు షెడ్డుకి వచ్చేసింది.

ఆ షెడ్డులోనే వాళ్ళ బొమ్మ రైళ్ళ క్లబ్బు. ఊరికి అసలు రైలు రావడం మానేసి చాలా కాలమైంది, పట్టాలు పీకేసి సైకిళ్ళకి దారి వేశారు. అందుకే కాబోలు, షెడ్డు నిండా పరుచుకున్న బల్ల మీద మాత్రం ఊరు పాత ఊరులాగే ఉంది. స్టేషను, దాని గడియారం, పత్రికల కొట్టు, బీరు కార్ఖానా పొగగొట్టం, అన్నీ ఎక్కడివక్కడే. బల్ల కింద ఎవరికీ కనబడని ఇంకో అంతస్తుంది. పైన పనిలేని బళ్ళు సొరంగంలోంచి కిందికి దిగి ఆ చీకట్లో వరసగా నిలబడతాయి. దాన్ని నీడ స్టేషన్ అంటారు.

బళ్ళని నడిపేది కంప్యూటరు. పట్టాలని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకీ ఒక తీగ కలిపారు. ముక్క మీద బండి ఉంటే తెర మీద అది ఎర్రబడుతుంది, ఇక వేరే బండిని ప్రోగ్రాం అందులోకి రానివ్వదు. బండిని చేత్తో తియ్యాలంటే ముందు తెర మీద చెరిపి ఆ తర్వాతే ముట్టుకోవాలి. చెరపకుండా తీస్తే, ప్రోగ్రాం లెక్కలో ఆ బండి ఇంకా అక్కడే నిలబడి ఉంటుంది. క్లబ్బులో చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పే పాఠం ఇదే. నేర్పేది రోస్విత.

ఇంకో ఆచారం ఉంది. సభ్యులు ఎవరికి వారు గోరంత బొమ్మకి తమ పోలికలతో రంగులేసి, ప్లాట్‌ఫారం మీద అంటిస్తారు. ఎవరైనా పోతే ఆ బొమ్మని పెకలించి ఎర్ర రైలుబస్సులో, అంటే ఒంటిపెట్టె రైల్లో, కిటికీ పక్కన కూర్చోబెడతారు. అందరూ తలో గుక్క పండ్ల సారా తాగి, రైలుబస్సుని ఒక్క చుట్టు తిప్పుతారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరో పోయేదాకా అది నీడ స్టేషన్ దాటి రాదు. ఆఖరిసారి తిరిగింది ఈ వసంతంలో, ముసలి ఒట్టోమార్ పోయినప్పుడు.

రోస్విత వచ్చేసరికి క్లబ్బు అధ్యక్షుడు గెర్నోట్ కాఫీ కాచి, ఇళ్ళ కప్పుల మీద దూదిమంచు అతికిస్తున్నాడు. ఒకప్పుడు కసాయి కొట్టు నడిపిన మనిషి, చేతులు ఇంతింత లావు, నోరు ఊరుకోదు. ఆమె మొహం చూసి మాత్రం ఆసుపత్రి ఊసెత్తలేదు. ఆమెకి అదే మేలనిపించింది. కంప్యూటరు ముందు కూర్చుని రేపటి వేళలన్నీ సరిచూసి, నడపమని మీట నొక్కింది. తపాలా బండి కదిలింది, వెనకే గూడ్సు కదిలింది. కాసేపటికి తెర అడుగు వరసలో ఒక ఎర్రగీత కదిలింది. నీడ స్టేషన్ చివరి పట్టా మీదుండే రైలుబస్సు అది.

"గెర్నోట్, రైలుబస్సుని వేళల్లో నువ్వు పెట్టావా?"

"నాకు కాఫీ మిషను పెట్టడమే చేతకాదు, నన్నడుగుతావేంటి?"

రైలుబస్సు దీపాలు వెలిగించుకుని సొరంగంలోంచి తాపీగా బయటికొచ్చింది. తపాలా బండి సిగ్నల్ దగ్గర ఆగి దానికి దారి ఇచ్చింది. అది వచ్చి ప్లాట్‌ఫారం మీద పత్రికల కొట్టు ముందు ఆగింది. కొట్టు ముందు ఒకే ఒక్క బొమ్మ ఉంది, ఆకుపచ్చ టోపీ, జేబులో చెయ్యి. ఆల్విన్. ప్రయాణికుల కోసం ఆగినట్టు తెర మీద రాసి వచ్చింది.

రోస్విత బండిని కిందికి పంపేసి, వేళల్లో వెతికింది. రైలుబస్సు పేరే లేదు. ఎందుకైనా మంచిదని బళ్ళ పట్టీలోంచే దాని పేరు చెరిపేసింది. అది మళ్ళీ వచ్చింది. అదే కొట్టు ముందు, అంగుళం తేడా లేకుండా ఆగింది. కిటికీలోంచి ఒట్టోమార్ తెల్ల గడ్డం కనిపిస్తోంది, పక్క సీటు ఖాళీ.

అప్పుడు రోస్వితకి ఒళ్ళు మండిపోయింది. అక్కడ మొగుడి గుండె ఆపి పెట్టి కోస్తుంటే ఇక్కడ ఈ డబ్బా తనని ఆడిస్తుందా అనుకుంది. విసురుగా లేచి వెళ్ళి, రైలుబస్సుని పట్టాల మీంచి ఊడలాక్కుని, కేకు డబ్బాలో పడేసి మూత బిగించింది. తెర మీద చెరపలేదు. ఇన్నేళ్ళలో ఎవరు ఆ తప్పు చేసినా ఊరుకోని మనిషి, తనే చేసింది.

తిరిగి వచ్చి చూస్తే తెర మీద ఎర్రగీత కదులుతోంది.

ప్లాట్‌ఫారం దాటింది, వంతెన ఎక్కింది, సొరంగం వైపు తిరిగింది. బల్ల మీద ఆ పట్టా ఖాళీ. ఒక్కో ముక్కా వెలుగుతోంది, వెనకది ఆరుతోంది, దాని ముందు దారి మళ్ళించే పాయింట్లు టక్కుమని మారుతున్నాయి, సిగ్నల్ చెయ్యి లేస్తోంది. గూడ్సు బండి పక్కన ఆగి ఏమీ లేనిదానికి దారి ఇచ్చింది. పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు ఇద్దరికీ వినిపించింది. గెర్నోట్ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు కిందికి దిగి, నీడ స్టేషన్ చుట్టి, మళ్ళీ పైకొచ్చి, కొట్టు ముందు ఆగిపోయింది.

రోస్విత అది ఆల్విన్ కోసం వచ్చిందని, అతన్ని తీసుకుపోతోందని అంటూ కుర్చీలో కూలబడింది. కన్నీళ్ళు తుడుచుకునే ఓపిక కూడా లేదు. తను లేకపోయినా ఊరు ఊరుగానే ఉంటుంది, కానీ ఆల్విన్ లేని ఇంట్లోకి తాళం తీసుకుని ఎలా వెళ్ళాలి?

గెర్నోట్ కొట్టు వైపు వేలు చూపించాడు.

"రోస్వితా, ఆ చోటు ఆల్విన్‌ది కాదు. నీది."

తన బొమ్మ ఎక్కడ అంటించిందో రోస్విత మరిచిపోయి ఏళ్ళయింది. అతను నేల చూపులు చూస్తూ మెల్లిగా చెప్పాడు. ఆగస్టులో ఒకరోజు ఆల్విన్ ఒక్కడే పట్టాలు తుడవడానికి వచ్చాడట. గెర్నోట్ తలుపు తీసేసరికి మొహం పాలిపోయి, పటకారుతో బొమ్మలు పెకలిస్తున్నాడట. ఎర్రకోటు వేసుకున్న రోస్విత బొమ్మని కొట్టు ముందు నుంచి తీసి, తను నిలబడే బెంచీ పక్కన పెట్టాడు. తను వెళ్ళి ఆమె చోట నిలబడ్డాడు.

"ఏంట్రా ఇది అంటే, అక్కడ గాలి కొడుతోంది, దానికి జలుబు చేస్తుంది అన్నాడు. రైలుబస్సు అప్పుడు కూడా ఇలాగే పైకొచ్చి కొట్టు ముందు ఆగి ఉంది. నేనేదో వేళాకోళం అనుకున్నాను."

ఆగస్టు. ఎడమ రొమ్ములో గడ్డ కనబడి, ముక్క తీసి పరీక్షకి పంపి, ఫలితం కోసం అన్నం సహించక తిరిగిన నెల. ఫలితం వచ్చింది, భయం లేదన్నారు. ఆ సాయంత్రం ఆల్విన్ పళ్ళెం నిండా ప్లమ్ పళ్ళ కేకు తెచ్చి ఆమె చేత తినిపించాడు. ఆకులు రాలే వేళకి అతనికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రోస్విత అన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని చూసుకుంది. ఇంత పని చేసి, ఇంట్లో కిమ్మనకుండా కాఫీ తాగుతూ కూర్చున్నాడన్నమాట! కోపం, ప్రేమ ఒక్కసారే పొంగి, మూర్ఖుడా అని పైకే అంది.

ప్రోగ్రాం లెక్కలో బండి ఉండి పట్టా మీద లేకపోతే, చెయ్యాల్సింది ఆమెకి తెలుసు. బండిని తెచ్చి అది ఉన్నచోటే పెట్టాలి. కేకు డబ్బా తెరిచి రైలుబస్సుని బయటికి తీసింది. అది చేతికి వెచ్చగా తగిలింది. పటకారు అందుకుని ఆకుపచ్చ టోపీని పెకలించి, బెంచీ పక్కన అతని పాత జిగురుమచ్చ మీదే నిలబెట్టింది. ఎర్రకోటుని తీసుకుంది. గెర్నోట్ ఆమె ముంజేయి పట్టుకున్నాడు.

"వద్దే తల్లీ. వాడు లేచాక నన్ను చంపేస్తాడు."

"ముందు లేవనీ," అంది రోస్విత.

రైలుబస్సు కప్పు ఊడదీసి ఎర్రకోటుని ఒట్టోమార్ పక్కన కూర్చోబెట్టింది. కప్పు మూసి, కొట్టు ముందు పట్టాల మీద ఉంచింది. ఉంచీ ఉంచగానే దీపాలు వెలిగి, రైలుబస్సు నెమ్మదిగా కదిలి సొరంగంలోకి వెళ్ళిపోయింది. తెర మీద చివరి గీత కూడా ఆరింది. గెర్నోట్ బల్ల కింద పలక తెరిచి దీపం పెట్టి చూశాడు. చివరి పట్టా ఖాళీగా ఉంది.

అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు. ఆపిన గుండె తిరిగి కొట్టుకోనని మొరాయించిందనీ, డాక్టర్లకి చెమటలు పట్టాయనీ, ఉన్నట్టుండి ఎవరో తట్టి లేపినట్టు దానంతటదే అందుకుందనీ చెప్పింది. ఇక భయం లేదండీ అంది. రోస్విత గోడకి ఆనుకుని భోరుమని ఏడ్చింది. అంత సంతోషం ఆమె పెళ్ళినాడు కూడా ఎరగదు.

మర్నాడు క్లబ్బుని గెర్నోట్‌కి వదిలేసి, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళింది. ఆల్విన్ గొట్టాల మధ్య కళ్ళు తెరిచి ఉన్నాడు. ఆమె చెయ్యి అందుకుని, బొటనవేలికి అంటుకున్న ఎండిన జిగురుని నిమిరి నిమిరి చూశాడు.

"నేనెక్కడ నిలబడ్డాను?"

"బెంచీ పక్కన. నీ చోట."

ఆల్విన్ కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "పిచ్చిదానా," అన్నాడు, "నువ్వు లేకుండా నేనెలా ఉంటాననుకున్నావ్?"

"ఆగస్టులో నువ్వు నా గురించి ఏమనుకున్నావో, అదే అనుకున్నాను."

రోస్విత కుర్చీ దగ్గరికి లాక్కుని, అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకోబోయి, ఒక్క కుడిచెయ్యే చాపింది. తెల్లవారుజాము నుంచి ఎడమవైపు, ఆగస్టులో ముక్క తీసిన చోట, సన్నగా సలుపుతోంది. ఆ సంగతి ఇవాళ చెప్పకూడదనుకుంది.