చెంగల్రాయుడి జేబులో వెదురు కలం

నేను ఒక వెదురు పుల్లని. మొన చెక్కి, నడుముకు గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే కలాన్నయ్యాను. శ్రీకాళహస్తిలో నన్ను చెక్కినవాడు చెంగల్రాయుడి నాయన. ఆయన పోయాక కొడుకు చేతికొచ్చాను. బెల్లం, ఇనుప తుప్పు నానబెట్టిన నీళ్లలో నన్ను ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీసేవాడు. ఆ గీత మొదట లేతగా ఉండి, తర్వాత నల్లబడుతుంది. తప్పు పడితే చెరపడం ఎవరి తరమూ కాదు. మా కలంకారీ బట్టల్ని గోడలకు వేలాడదీసుకున్న పెద్దమనుషులు వాటి మీది అమ్మవారి కళ్లను తెగ మెచ్చుకున్నారు. గీసినవాడి పేరు ఒక్కడూ అడగలేదు.

అరవై దాటాక చెంగల్రాయుడి కుడిచెయ్యి వణకడం మొదలైంది. చెంబు ఎత్తితే సగం నీళ్లు చొక్కా మీదే. మాత్రలు పనిచేయలేదు. గుండె జబ్బుకని రక్తం పలచబడే మందు వాడుతున్నాడు కాబట్టి తల తెరిచే ఆపరేషన్ వద్దన్నారు. పట్నంలో డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. కోత లేకుండా, మెదడులో వణుకు పుట్టే చోటికే కిరణాలు పంపుతారట. జేబులోంచి అంతా విన్నాను.

"ఎక్కువమందికి వణుకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను. కొందరికి మొహం తిమ్మిరెక్కుతుంది, మాట ముద్దవుతుంది. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. చేశాక వెనక్కి తీసుకోలేం. ఆలోచించుకోండి."

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆలోచించారు, ఆయనా, రంగులద్దే ఆయన భార్య కుప్పమ్మా.

"మాట పోతే ఏం జేస్తావయ్యా?"

"ముప్పై ఏండ్లుగా నా మాట ఎప్పుడిన్న్యావ్ మే నువ్వు?"

"ఇనకపోయినా ఉండాల గదా ఇంట్లో!"

ఆయన నవ్వాడు.

"చెయ్యి ఇట్నే ఉండనీ. అన్నం నేను తినిపిస్తా."

"అన్నం తినిపిస్తావు సరే. అమ్మోరి కన్ను గీస్తావా?"

కుప్పమ్మ ఆయన జేబులోంచి నన్ను లాక్కుంది. "దీన్ని నాకిచ్చి పో."

తల కదలకుండా చట్రం బిగించి ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. వచ్చేదాకా నేను ఆమె పిడికిట్లోనే ఉన్నాను. ఆ పిడికిలి చెమటకు నా గుడ్డంతా తడిసింది.

నాలుగు నెలలు ఏమీ మారలేదు. "కోతే లేదంట, అదేం వైద్యం!" అని వీధంతా ఎకసెక్కాలాడింది. మనుషులకు రక్తం కనబడితేగానీ నమ్మకం కుదరదు.

ఐదో నెలలో చెంబు తొణకలేదు. అయితే పెదవి కుడికొస మొద్దుబారింది. మాట బరువెక్కింది. ఆయన నన్ను ముంచి కన్ను గీశాడు. రెప్ప చివర గీత ఒక్కచోట జంకి, మళ్లీ సాగింది.

"మే... కన్ను... ఎట్టుండాది?"

ఆ మూడు ముక్కలూ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. కుప్పమ్మ రంగు గిన్నె కింద పెట్టింది. అడ్డురాలేదు, మాట అందించలేదు. ఆయన నోటికేసి చూస్తూ, చివరి ముక్క దాకా వింది.